బురదలో బండి దిగబడింది, హైలిఫ్ట్ జాకీ ఒరిగింది: తప్పెక్కడ?

అడిగిన సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి తెలియాలి కదా. వైజాగ్ నుంచి నలుగురు కుర్రాళ్ళు థార్ వేసుకుని వానల్లో ఒడిశాలోని దేవమాలి కొండ చూడ్డానికి వచ్చారు. పొట్టంగి దాటాక మెయిన్ రోడ్డు వదిలి మట్టిదారి పట్టారు. ఎదురుగా ట్రాక్టరొస్తే దారిచ్చే తొందర్లో ఎడమ వెనక టైరు పొలంగట్టు పక్కన హబ్బు దాకా దిగబడింది. ఆన్‌లైన్‌లో కొన్న 48 అంగుళాల హైలిఫ్ట్ జాకీ (హ్యాండిల్ కొడుతుంటే నిలువు ఇనుప బారు మీద ముక్కు పైకెక్కి బరువు లేపే జాకీ) తీసి, ఒక చదును రాయి మీద నిలబెట్టి, వెనక బంపరు కింద ముక్కు ఆనించి కొట్టడం మొదలెట్టారు. బండి బాగానే లేచింది, ఆ తర్వాత జాకీ ఒరిగింది. బంపరు చీలింది. దించబోయిన అబ్బాయి మణికట్టుకి హ్యాండిల్ తగిలి వాచింది. "జాకీ నాసిరకందా, మా చేతకానితనమా? ఇంకోసారి ఎలా వాడాలి?" అని ప్రశ్న.

తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి, నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. మాది జయపురం. తాతల నాడే బొబ్బిలి వైపు నుంచి వచ్చి కోరాపుట్ జిల్లాలో పాతుకుపోయాం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో దేశియా. నా గ్యారేజీకి ఒకప్పుడు సంతలకి తిరిగే ట్రెక్కర్లు, కమాండర్ జీపులు వచ్చేవి. ఇప్పుడు వానాకాలం వస్తే మీలాంటివాళ్ళ ఫోన్లే ఎక్కువ. మొదటి మాట చెప్పేస్తాను: మీ జాకీ మంచిదే అయ్యుండొచ్చు. అది నిలబడ్డ చోటు మంచిది కాదు, అది పట్టుకున్న చోటూ మంచిది కాదు. ఆ అబ్బాయి చేతికి దెబ్బ తగిలింది బండిని ఎత్తేటప్పుడు కాదు, దించేటప్పుడు. నేను చూసిన దెబ్బల్లో ముప్పాతిక వంతు అలాంటివే.

ఈ జాకీ రోడ్డు బళ్ళ కోసం పుట్టింది కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో 1905 నుంచీ తయారవుతోంది. రైతులు కంచె గుంజలు పీకడానికి, మొద్దులు లేపడానికి వాడుకునేవారు. అందుకే దాన్ని ఇప్పటికీ ఫార్మ్ జాకీ అంటారు. గుంజ పీకేటప్పుడు జాకీ ఒరిగితే గుంజ పడుతుంది, అంతే. మీరు లేపేది దాదాపు రెండు టన్నుల బండి, అది నాలుగు చక్రాల మీద దొర్లే వస్తువు. ఒంటికాలి మీద నిలబడ్డ పనిముట్టుకి ఆ బరువు అప్పగిస్తున్నాం అన్న సంగతి పని చేసినంతసేపూ మనసులో ఉండాలి.

ముందు నేల సంగతి. దీన్నే ఎవరూ లెక్కెయ్యరు. జాకీ అడుగు ప్లేటు 4 అంగుళాలు బై 7 అంగుళాలు, అంటే 28 చదరపు అంగుళాలు. బండి వెనక మూల లేపడానికి ఆరువందల కిలోల బరువు దాని మీద పడిందనుకో, పౌండ్లలో 1,320. దాన్ని 28తో భాగించు, 47 వస్తుంది. అంటే చదరపు అంగుళానికి 47 పౌండ్లు. నీ టైరులో గాలి 30 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 30 పౌండ్లు, ఉంటే, ఆ టైరు నేలని నొక్కేది కూడా సుమారు అంతే. ముప్ఫైకే దిగబడిపోయిన బురద నలభై ఏడుని మోస్తుందా? మోయదు. బండి లేస్తోందని మీరనుకుంటారు, అసలు జరిగేది జాకీ నేలలోకి దిగడం. అదీ తిన్నగా దిగదు, మెత్తగా ఉన్న వైపుకి వంగుతూ దిగుతుంది. పైన బండి నిలబడి ఉంటుంది, కింద జాకీ వాలిపోతుంది.

అదే ప్లేటు కింద 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడుగు ఉన్న మందపాటి చెక్క వేస్తే ఒత్తిడి చదరపు అంగుళానికి 6 పౌండ్లకి పడిపోతుంది. మా ఏరియాలో సాల చెక్క దొరుకుతుంది, రెండంగుళాల మందం పలక కోయించుకుంటే చాలా ఏళ్ళు వస్తుంది. ప్లైవుడ్ అయితే పల్చటిది పనికిరాదు, మధ్యలో విరిగి అంచులు పైకి లేస్తాయి. పలక మధ్యలో జాకీ ప్లేటు సరిగ్గా కూర్చునేలా నాలుగు పక్కలా చిన్న బద్దలు కొట్టుకో, జారదు. రాయి మీద పెట్టాం అన్నారు కదా, అది ఇంకా ప్రమాదం. ఇనుప ప్లేటు కింద తడి రాయి సబ్బు ముక్కతో సమానం. పైగా కోరాపుట్ ఎర్రమట్టిలో రాయి కింద ఏముందో తెలియదు. వాన పడ్డాక పైన గట్టిగా కనబడుతుంది, రెండంగుళాల కింద జిగురు. పలక వేసే ముందు మడమతో తొక్కి చూడు. కాలు దిగిందంటే పైపొర పారతో తీసెయ్యి, కొమ్మలూ చిన్న రాళ్ళూ వేసి గట్టిపరిచి, దాని మీద పలక వెయ్యి.

ఇంకో మాట. టైరు బురదలో ఉంటే జాకీ లేపేది బండి బరువొక్కటే కాదు. బురద టైరుని పీల్చి పట్టుకుంటుంది. ఆ పట్టు తెగేటప్పుడు బండి ఒక్కసారి ఎగిరి కదులుతుంది, సరిగ్గా అప్పుడే జాకీ పక్కకి పోతుంది. అందుకే ముందు పార. టైరు చుట్టూ, ముఖ్యంగా టైరు ముందు, తవ్వి చిన్న కాలువ తీసి నీళ్ళు బయటికి పోనివ్వు. నిజం చెప్పనా, పది కేసుల్లో ఆరింటికి పార, టైర్లలో గాలి 18కి దించడం, టైరు కింద నాలుగు బస్తాలు, ఇంతే సరిపోతుంది. జాకీ డిక్కీలోంచి బయటికి రానక్కర్లేదు. ఈ జాకీ పట్టుకుని మొదటి నిమిషంలోనే పరిగెత్తేవాణ్ణి చూస్తే నాకు నమ్మకం కుదరదు.

ఇక అది పట్టుకున్న చోటు. కొత్త బళ్ళకి బంపరంటే ప్లాస్టిక్ తొడుగు. దాని లోపల ఇనుప కమ్మీ ఉండొచ్చుగానీ హైలిఫ్ట్ ముక్కు పెట్టడానికి చోటుండదు. పాత జీపుకి బంపరు కింద కొడితే బండి లేచేది, ఆ అలవాటు చూసి వీడియోలు చేసేవాళ్ళు మీకు నేర్పించారు. ఇనుప బంపరు వేయించుకుంటాం అంటావేమో. దాంతో చిక్కుంది: 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ ఈ బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండికి మార్పులు చెయ్యడం గురించే ఉంది. పైగా బజార్లో దొరికే గొట్టాల బంపర్లు ఎక్కువ భాగం అలంకారానికే. గుండ్రటి గొట్టం కింద జాకీ ముక్కు నిలవదు, కొంచెం కదిలితే దొర్లిపోతుంది.

మీలాంటి బండికి సరైన మార్గం చక్రాన్నే పట్టుకుని లేపడం. దానికి రెండు కొక్కేలున్న పట్టీ ఒకటి దొరుకుతుంది. కొక్కేలు చక్రం రిమ్ము సందుల్లో తగిలించి, పట్టీని జాకీ ముక్కుకి వేస్తే చక్రం నేరుగా లేస్తుంది. ఇందులో పెద్ద సుఖం ఒకటుంది. బంపరు దగ్గర లేపితే ముందు బాడీ లేస్తుంది, స్ప్రింగులు సాగుతాయి, చక్రం మాత్రం బురదలోనే వేలాడుతూ ఉంటుంది. ఒకటిన్నర అడుగు లేపినా టైరు బయటపడదు. ఎంత ఎత్తు లేపితే ప్రమాదం అంత. చక్రాన్నే లేపితే అరడుగుకే పని అయిపోతుంది. మీ రిమ్ముకి కొక్కేలు పడతాయో లేదో ఇంట్లోనే చూసుకో, కొన్ని అల్లాయ్ చక్రాలకి సందులు చిన్నవి.

జాకీ దేని మీద ఆడుతుందో అర్థమైతే మిగతావి గుర్తుంటాయి. నిలువు బారుకి పొడుగునా కన్నాలుంటాయి. ఆ బారు మీద ఎక్కే యంత్రంలో రెండు పిన్నులు, వాటి వెనక రెండు చిన్న స్ప్రింగులు. హ్యాండిల్ కిందికి నొక్కితే కింది పిన్ను కన్నంలో నిలిచి మొత్తం బరువు మోస్తుంది, పై భాగం ఒక కన్నం పైకి ఎక్కుతుంది, పై పిన్ను "టక్" మని పడుతుంది. హ్యాండిల్ పైకి తెస్తే ఈసారి పై పిన్ను మోస్తుంది, కింది పిన్ను తన కన్నం వెతుక్కుని మళ్ళీ "టక్". కిందికొక టక్, పైకొక టక్. నేను గ్యారేజీ కుర్రాళ్ళకి కళ్ళు మూసుకుని చెవి పెట్టి వినమంటాను. ఒక్క టక్ వినబడకపోతే అక్కడే ఆగు. పిన్ను కన్నంలో పూర్తిగా పడలేదన్నమాట. అంచుమీద ఆగి ఉంది, తర్వాత దెబ్బకి జారుతుంది.

టక్ ఎందుకు రాదు? మట్టి. మన ఎర్రమట్టి ఆ స్ప్రింగుల వెనక చేరి ఎండిపోయిందంటే సిమెంటే. ప్రతి ట్రిప్పు తర్వాతా నీళ్ళతో కడిగి, బ్రష్షుకి డీజిల్ ముంచి పిన్నులు రుద్ది, ఆరాక పల్చటి నూనె వెయ్యి. గ్రీజు వద్దు, గ్రీజు మట్టిని ఆకర్షిస్తుంది. బయట వెనక తలుపుకి తగిలించి తిరిగేవాళ్ళు యంత్రం దగ్గర పాత ట్యూబు ముక్కైనా చుట్టండి. లోపల పెట్టుకునేవాళ్ళు గట్టిగా బిగించండి. అది సుమారు 13 కిలోల ఇనుము, ఘాటు రోడ్డులో గట్టిగా బ్రేకు వేస్తే ముందు సీట్లోవాడి మెడ మీదకి వస్తుంది.

హ్యాండిల్ దగ్గర మరో బోల్టుంది, దాన్ని షియర్ బోల్టంటారు. బరువు హద్దు దాటితే అది తెగి బరువుని ఉన్నచోటే ఆపుతుంది. అసలు కంపెనీ జాకీలో 7,000 పౌండ్ల ఒత్తిడికి, అంటే సుమారు 3,175 కిలోలకి, తెగేలా చేశారు. రోజూ ఎత్తడానికి చెప్పిన హద్దు 4,660 పౌండ్లు, 2,114 కిలోలు. తెగిందని ఒక కస్టమరు ఊళ్ళోని హార్డ్‌వేర్ షాపులో గట్టి బోల్టు కొని బిగించి తెచ్చాడు. "ఇది ఇంక తెగదన్నా" అన్నాడు గర్వంగా. తెగదు, నిజమే. దాని బదులు బారు వంగుతుంది, బండి నీ మీద పడుతుంది. కంపెనీ బోల్టే పెట్టు, ఒకటి ఎక్కువ డిక్కీలో ఉంచుకో. హ్యాండిల్‌కి గొట్టం తొడిగి పొడుగు చేసుకోవడం కూడా అదే తెలివి.

60 అంగుళాల జాకీ కొందామనుకునేవాళ్ళకి ఒక్క మాట: 48 అంగుళాల ఎత్తు దాటితే దాని బరువు హద్దు సగానికి దగ్గరగా, 1,207 కిలోలకి, పడిపోతుంది. పొడుగు కొంటే బలం కొన్నట్టు కాదు.

బండిని ఆపడం. టైరుకి రాయి అడ్డం పెడితే సరిపోతుంది అనుకుంటారు. పెట్టాలి, నేలమీద మిగిలిన టైర్లకి ముందూ వెనకా రెండు వైపులా పెట్టాలి. కానీ దాని వెనక కారణం తెలిస్తే మర్చిపోవు. చాలా బళ్ళకి హ్యాండ్ బ్రేక్ పనిచేసేది వెనక చక్రాలకే. వెనక ఒక చక్రం లేపితే నిన్ను పట్టుకున్న బ్రేకులో సగం గాల్లోకి పోయింది. గేరులో పెట్టాం కదా అంటావు. డిఫరెన్షియల్ లాకు (ఒక ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేది) లేకపోతే, గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతూ నేలమీద ఉన్న చక్రాన్ని దొర్లనిస్తుంది. గేరులో ఉన్నా బండి కదులుతుంది. అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ "లో" రేంజి (4L) లో పెట్టు, ఫస్ట్ గేరు వెయ్యి, అప్పుడు ముందు చక్రాలు రెండూ కూడా పట్టుకుంటాయి. ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్, రాళ్ళు. వాలు మీద ఉంటే, రోడ్డు పక్క లోయ ఉంటే, జాకీ మాట మరిచిపో. ట్రాక్టరుకి కబురు చెయ్యి.

లేపే ముందు బండిలో ఎవరూ ఉండకూడదు. డ్రైవరు సీట్లో ఒకడు కూర్చుని బ్రేకు తొక్కుతాను అంటాడు, వాణ్ణీ దింపెయ్యి. చుట్టూ జనం చేరతారు, అది మన ఊళ్ళ స్వభావం. మా వైపు సంతకి వెళ్ళేవాళ్ళు ఆగి సాయం చెయ్యబోతారు. నిజంగా మంచివాళ్ళు, బురదలో మోకాలు దాకా దిగి తోస్తారు. కానీ తోసే చోటు జాకీ పక్కనే. ఒడియాలో "ఘుంచి జాఆంతు" అంటే జరగండి అని మర్యాదగా. ఆ ఒక్క మాట నేర్చుకుని రా. పిల్లలుంటే ముందు వాళ్ళని పంపించు.

జాకీ తిన్నగా నిలబెట్టు. ముక్కు పూర్తిగా లోపలికి దూరాలి, కొస మీద ఆనకూడదు. రెండు మూడు దెబ్బలు కొట్టి బరువు పడ్డాక ఆగి, పది అడుగులు వెనక్కి నడిచి చూడు. జాకీ వాలిందా? పలక కుంగిందా? బంపరు దగ్గర లేపుతున్నప్పుడు ఇంకో సంగతుంది. బండి ఒక వైపు లేస్తుంటే ఆ చివర వంపులో తిరుగుతూ పైకి వెళ్తుంది, అంటే లేచే కొద్దీ అవతలి టైర్ల వైపు కొంచెం జరుగుతుంది. జాకీ అడుగు కదలదు, పైభాగం బండితో పాటు వాలుతుంది. ఎక్కువ ఎత్తు కావాలంటే ఒకేసారి లేపకు. సగం లేపి, ఛాసిస్ కింద స్టెప్నీ పడుకోబెట్టి దానిమీద చెక్కలు పేర్చి, బండిని దాని మీదకి దించి, జాకీ తీసి మళ్ళీ తిన్నగా పెట్టుకో. స్టెప్నీ ఎలాగూ కింద ఉండాల్సిందే. జాకీ పోయినా బండి దానిమీద పడుతుంది, నీ కాలు మీద పడదు.

ఆ బండి కిందకి చెయ్యి పెట్టాల్సి వస్తే, రాళ్ళు నెట్టడానికి కర్ర వాడు. టైరు కింద వేసే బోర్డు తొయ్యడానికి కాలు వాడకు, పార వాడు. తల లోపలికి పెట్టి "ఎంత ఖాళీ ఉందో" చూసేవాళ్ళున్నారు. వద్దు.

ఇప్పుడు హ్యాండిల్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా కింది వరసలో ఒక పన్ను లేదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. సంతనుంచి వచ్చిన కమాండరు జీపు, వెనక బస్తాలు దింపకుండానే లేపాను. టైరు మార్చాను. దించాలని లాచి (ఎత్తడం నుంచి దించడానికి మార్చే చిన్న మీట) తిప్పాను. హ్యాండిల్ నిలువుగా బారుకి ఆనించి ఉండగా తిప్పాలి, నేను సగంలో ఉండగా తిప్పాను. ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఓనరుకి డబ్బులెంతో వేళ్ళతో చూపిస్తున్నాను. అంతే, హ్యాండిల్ చేతిలోంచి జారి పైకొచ్చింది. శబ్దం వినబడింది గానీ నొప్పి రెండు నిమిషాలకి గాని తెలియలేదు. జీపు టకటకటకమని దానంతటదే దిగిపోయింది, హ్యాండిల్ పిచ్చెక్కినట్టు పైకీ కిందికీ కొట్టుకుంటూ. ఆ కొట్టుకునేటప్పుడు ఆపుదామని చెయ్యి పెట్టలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

కారణం ఇది. బండి బరువు ఎప్పుడూ హ్యాండిల్‌ని పైకి తోస్తూనే ఉంటుంది. ఎత్తేటప్పుడు కిందికి నొక్కుతున్నావు, టక్ రాకముందే చెయ్యి జారిందా, హ్యాండిల్ పైకి వస్తుంది. దించేటప్పుడైతే ప్రతి దెబ్బలోనూ హ్యాండిల్ పైకి వెళ్ళేది బరువు తోపుతోనే, నువ్వు దాన్ని ఆపుకుంటూ నెమ్మదిగా వదలాలి. ఎత్తడంలో నువ్వు పని చేస్తావు, దించడంలో బండి పని చేస్తుంది. బండి అలిసిపోదు.

అందుకని నిలబడే తీరు: హ్యాండిల్ కొసని రెండు చేతులతో, చివర పట్టుకో. ముఖం హ్యాండిల్‌కీ బారుకీ మధ్యకి ఎప్పుడూ రాకూడదు, ఒక పక్కకి ఉండు. వంగి చూడాలనిపిస్తే హ్యాండిల్ నిలువుగా చేసి, బారుకి క్లిప్పు తగిలించి, అప్పుడు చూడు. మాట్లాడాలన్నా, నీళ్ళు తాగాలన్నా అంతే, ముందు క్లిప్పు. కాళ్ళకి చెప్పులు వద్దు, బూట్లు. చేతికి బురద ఉంటే తుడుచుకో. తడిచేత్తో తడి హ్యాండిల్ పట్టుకునే వాళ్ళకి ఇదొక్కటే చెప్తాను, నా పన్ను చూడు అని.

దించడం ఇలా. స్టెప్నీ, చెక్కలు తీసేశావో లేదో చూడు. హ్యాండిల్ పూర్తిగా పైకి, బారుకి ఆనించు. అప్పుడు లాచి కిందికి తిప్పు. హ్యాండిల్ నెమ్మదిగా కిందికి తీసుకురా, బరువు చేతికి తగులుతుంది, పట్టు వదలకుండా పైకి వదులు. ఒక కన్నం దిగింది. మళ్ళీ అలాగే. తొందర లేదు, అరడుగుకి ఎన్ని దెబ్బలైతే అన్ని. ఆఖర్న టైరు నేలమీద ఆనాక ఇంకో ఆశ్చర్యం ఉంటుంది: జాకీ మీద బరువు సుమారు 68 కిలోల కంటే తగ్గితే యంత్రం మెట్టు మెట్టుగా దిగదు, ఒక్కసారి బారు పొడుగునా జారి కింద పడుతుంది. బండి బరువు పోయింది కదా అని చెయ్యి కింద పెట్టి జాకీ లాగబోయేవాళ్ళ వేళ్ళు అక్కడే నలుగుతాయి.

మధ్యలో పిన్ను ఇరుక్కుని దిగకపోతే సుత్తితో కొట్టకు. ముందు బరువు తీసెయ్యాలి. పక్కన బాటిల్ జాకీ (సీసా ఆకారంలో ఉండే హైడ్రాలిక్ జాకీ) పలకమీద పెట్టి ఆ మూలని కొంచెం లేపు, లేదా ఒక దెబ్బ పైకి ఎత్తి చూడు. పిన్నుల మీద నీళ్ళు, డీజిల్ పోసి మట్టి కడిగి, అప్పుడు లాచి తిప్పు. ఒకవేళ బండి పడబోతుంటే, ఒరుగుతుంటే, వదిలెయ్యి. హ్యాండిల్ వదిలి వెనక్కి దూకు. బండిని మనిషి పట్టుకుని ఆపిన దాఖలా నేనైతే చూడలేదు. దూకే దారి ఎటో లేపడానికి ముందే చూసుకోవాలి, వెనక గట్టో ముళ్ళకంపో ఉంటే దూకలేవు.

టైరు లేచాక ఏం చెయ్యాలో రాయలేదు, సులువే: కింద రాళ్ళు, కొమ్మలు, బస్తాలు, బోర్డు ఏదుంటే అది నింపి టైరు దానిమీద కూర్చునేలా దించడమే. టైరు దారి పొడుగునా ముందుకి కూడా పరుచు, లేకపోతే రెండడుగులు కదిలి మళ్ళీ అదే గుంట.

జాకీమీద లేపి బండిని పక్కకి తోసి గుంటలోంచి బయటపడేసే పద్ధతి ఒకటుంది, వీడియోల్లో చూసి ఉంటావు. నేనూ చేశాను. నీకు చెప్పను. ఇదే జాకీకి గొలుసు కట్టి వించిలా లాగొచ్చు కూడా, కానీ నాలుగడుగుల జాకీ, దెబ్బకి ఒక కన్నం. ఆ ఓపికలో సెమిలిగుడ వెళ్ళి ట్రాక్టరు తెచ్చుకోవచ్చు. సాగే తాడు కట్టి మాత్రం జాకీతో ఎప్పుడూ ఇలా లాగకు. అది రబ్బరులా శక్తి దాచుకుంటుంది, తెగితే ఇనుము గాల్లో ఎగురుతుంది.

బురదే ఎక్కువ తగిలే దారులైతే ఎగ్జాస్ట్ పొగతో ఉబ్బే బెలూన్ జాకీ ఒకటి చూడు. అడుగు వెడల్పు కాబట్టి దిగబడదు. సైలెన్సరు వేడి తగలకుండా, కింద ముల్లు లేకుండా గోనె పరిస్తే బాగా పనిచేస్తుంది. నేనైతే మీ బండికి పార, పలక, 2 బోర్డులు, ఇంకో బండితో లాగించుకోవడానికి సాగే తాడు ఒకటి, బాటిల్ జాకీ ముందు కొనమంటాను. హైలిఫ్ట్ ఆ తర్వాత. ఎలాగూ కొనేశావు కాబట్టి ఇంటి దగ్గర సిమెంటు నేలమీద ఒక ఆదివారం పూట పదిసార్లు ఎత్తి దించు, బురదలో మొదటిసారి నేర్చుకోవద్దు.

మీ బంపరు సంగతికొస్తే, చీలిన తొడుగు మార్చే ముందు లోపల దాన్ని పట్టుకునే బ్రాకెట్లు, వెనక టో హుక్ బిగించిన చోటు వంగాయేమో చూపించు. తొడుగు వేసేశాక అవి కనబడవు. జాకీ బారుని గోడకి ఆనించి ఒక కన్ను మూసి పొడుగునా చూడు. ఒరిగినప్పుడు వంగి ఉంటే తీసి పక్కన పెట్టేయ్, వెల్డింగు చేయించి వాడకు. అబ్బాయి మణికట్టు వారం దాటినా వాపు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించండి, నా కుర్రాడొకడికి అలాగే వదిలేస్తే చిన్న ఎముక చిట్లిందని నెలకి బయటపడింది.

జాకీ పిన్నుల దగ్గరి ఫోటో, బారు మీద కొట్టిన బరువు అంకె ఫోటో పెట్టు, అది నాసిరకందో కాదో అప్పుడు చెప్తాను.